విసనకర్ర భోజనం

మౌళి పోసిన మొదటి గంట మోగలేదు.

దూలానికి వేలాడదీసి కొడితే, తడి గోడను పిడికిలితో గుద్దినట్టు ఒక చప్పుడు పుట్టి అక్కడే చచ్చింది. అంచు ఒకపక్క నిండలేదు. ఒళ్లంతా ముడతలు. కంచు సరిగా కాగకుండానే అచ్చులోకి దిగిందని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది.

బసవాచారిగారి పోతశాలలో ఒక కట్టుబాటు ఉంది. మోగని గంటను ఎవరు పోశారో వాళ్లే పగలగొట్టాలి. ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఆ ముక్కలు మళ్లీ మూసలోకి, అంటే కంచు కాచే కుండలోకి వెళతాయి, మళ్లీ కరుగుతాయి. మౌళి సుత్తి అందుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, తన గంటను తానే ముక్కలు చేశాడు.

ఆ గంట కొండమీది బడి కోసం. ఇన్నాళ్లూ అక్కడ ఒక రైలుపట్టా ముక్కను కొట్టేవారు. దాని చప్పుడు బడి వెనకాల ఉన్న చింతతోపు కూడా దాటేది కాదు. కింద లోయలో విడివిడిగా ఉన్న గూడేల పిల్లలకు బడి ఎప్పుడు మొదలైందో తెలిసేది కాదు. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది.

మౌళికి మాత్రం అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. బసవాచారిగారి కళ్లకు మంట రంగు ఇదివరకటిలా ఆనడం లేదు. ఈ గంట మోగితే కొలిమి నీదేరా అని ఆయన అందరి ముందూ అన్నారు. మోగకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. మౌళి తనకు తానే చెప్పుకున్నాడు. రెండోది కూడా మూగదైతే తండ్రి బొగ్గుల కొలిమి దగ్గరికి తిరిగి వెళ్లి, కొడవళ్లు సాగగొట్టుకుంటూ బతకాలి. గంటల మాట ఎత్తకూడదు.

మౌళి సోమరి కాడు. అందరికంటే ముందు లేచేవాడు. టీ ముట్టేవాడు కాదు. రోజుకు ఒక్కపూటే తినేవాడు, అదీ మధ్యాహ్నం, అదీ దూరంగా స్తంభం పక్కన కూర్చుని. ఒంటిని అదుపులో పెట్టుకోవడం మంచిదే. కాని అతను అక్కడితో ఆగేవాడు కాదు. తోటి పనివాడు అప్పలకొండ రెండోసారి అన్నం అడిగితే మౌళి చూపు గరిటె మీదనే ఉండేది. ఇంత తిన్నాక ఒంట్లో చురుకు ఎక్కడుంటుందని ఒకరోజు అనేశాడు కూడా. నిన్న రాత్రి తనకు కడుపునొప్పి ఎవరి దిష్టి తగిలి వచ్చిందో ఇప్పుడు తెలిసిందన్నాడు అప్పలకొండ. వంట చేసే సన్యాసమ్మ నవ్వింది. మౌళి నవ్వలేదు. ఆ షెడ్డులో మౌళి నవ్వగా చూసినవాళ్లు లేరు.

కొలిమి నూనెతో మండేది. ఎత్తున పెట్టిన డ్రమ్ములోంచి నూనె గొట్టంలో దిగి వస్తుంది, పక్కనుంచి బ్లోయరు గాలి కొడుతుంది, రెండూ కలిసిన చోట మంట. నూనెకు ఒక తిప్పుడు చక్రం, గాలికి ఒక రేకు మూత. ఆ రెండింటి మీద రెండు చేతులు. పని అంతా అంతే.

మౌళి చేరిన మొదటిరోజే బసవాచారిగారు ఒక మాట చెప్పి ఉంచారు. మంట పెంచాలంటే ముందు గాలి, వెనక నూనె. తగ్గించాలంటే ముందు నూనె, వెనక గాలి. మౌళి దాన్ని రోజూ పొద్దున్నే స్నానం చేస్తూ జపంలా చదువుకునేవాడు. నోటికి వచ్చింది. చేతికి రాలేదు.

ఎందుకంటే అతని చేతులు బొగ్గుల కొలిమి దగ్గర పెరిగాయి. బొగ్గు ముందే కుప్పగా పోసి ఉంటుంది. తిత్తి ఎంత ఊదితే నిప్పు అంత ఎర్రబడుతుంది. అందుకని ఇక్కడా గాలి రేకు బార్లా తెరిచాడు. నూనె మాత్రం దారప్పోగులా వదిలాడు. నూనె పొదుపు చేస్తున్నానని లోపల ఒక గర్వం కూడా ఉంది. మంట ఉరిమింది, నిప్పురవ్వలు లేచాయి, చూడడానికి గొప్పగానే ఉంది. కాని వచ్చిన వేడిని వచ్చినట్టే గాలి పొగగొట్టంలోకి ఎగరేసుకుపోయింది. మూసలో కంచు ఎంతకీ కాగలేదు. విసిగిపోయి అలాగే పోశాడు.

గంట పగలగొట్టాక మౌళి గురువుగారి దగ్గరికి వెళ్లి, తన తప్పు ఎక్కడుందో చెప్పమని అడిగాడు.

"భోజనాల వేళయింది. రా, ఇవాళ నా పక్కన కూర్చో" అన్నారాయన.

సన్యాసమ్మ విస్తళ్లు వేసి అందరికీ అన్నం, పప్పు వడ్డించింది. మౌళి విస్తరి దగ్గరికి వచ్చేసరికి గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు. పక్కనున్న తాటాకు విసనకర్ర తీసుకుని మౌళి ముఖం మీద విసరడం మొదలుపెట్టారు. ముసలి చెయ్యే గాని గట్టి చెయ్యి. మౌళి జుట్టు లేచి నిలబడింది. ఖాళీ విస్తరి ఎగిరిపోతే అప్పలకొండ పరుగెత్తి పట్టుకొచ్చాడు.

గురువుగారు తన విస్తట్లోంచి రెండు మెతుకులు తీసి మౌళి ముందు పెట్టి, మళ్లీ విసరసాగారు.

"తిను నాయనా. గాలి చాలకపోతే చెప్పు."

"బాబు తినేదే ఒక పూట కదయ్యా. ఆ పూటా గాలేనేటి?" అంది సన్యాసమ్మ.

షెడ్డంతా నవ్వింది. మౌళి చెవులు కాలిపోయాయి. రెండు మెతుకులూ కళ్లకద్దుకుని తిని, చెయ్యి కడుక్కుని, నేరుగా కొలిమి దగ్గరికి వెళ్లాడు. నూనె చక్రం వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు అతనికి వేరే భోజనం లేదు. ఆకలి అంటే ఏమిటో, అది తనకంటే ముందు కొలిమికి ఎలా వేసిందో, సాయంత్రానికి బాగానే తెలిసింది.

కొత్త అచ్చు ఆరింది. పగిలిన ముక్కలు మూసలో వేసి మౌళి మళ్లీ కొలిమి వెలిగించాడు.

ఈసారి నూనె ధారాళంగా వదిలాడు. గాలి అంటేనే అతనికి పడడం లేదు. అందరి ముందూ నవ్వులపాలు చేసింది అదేనన్నట్టు, రేకును ముప్పాతిక మూసేశాడు. కాసేపటికి పొగగొట్టంలోంచి పొగ లేచింది. ముందు బూడిదరంగు, తర్వాత నలుపు, ఆ తర్వాత కాటుక. మూస మసిపట్టింది. లోపల కంచుముక్కలు ఎర్రబడడం లేదు. నూనె చాలలేదేమో అనుకుని చక్రం ఇంకొంచెం తిప్పాడు. పొగ ఇంకా నల్లబడింది.

సన్యాసమ్మ చేట పట్టుకుని వచ్చింది. చేటలో మిద్దె మీద ఎండబెట్టిన బూడిదగుమ్మడి వడియాలు.

"ఇవి తెల్లగా పెట్టేను. ఇప్పుడు చూడు బాబూ, నువ్వుల వడియాలైపోయేయి."

మౌళి తలెత్తలేదు. చెమట కారుతోంది. ఈ గంట కూడా పోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం నూనె చక్రం మీదికే పోతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం.

అప్పుడు బసవాచారిగారు పప్పన్నం కలిపిన గిన్నె పట్టుకుని వచ్చి మౌళి ఎదురుగా నిలబడ్డారు.

"నోరు తెరు."

గురువు మాట. మౌళి నోరు తెరిచాడు. ఆయన ఒక ముద్ద పెట్టారు. మింగేలోపు ఇంకొకటి పెట్టారు. అది అటూ ఇటూ తిరిగేలోపు మూడోది కుక్కారు. మౌళి బుగ్గలు రెండు కొబ్బరికాయల్లా అయ్యాయి.

"పప్పు ఎలా కుదిరిందిరా?"

మౌళి గొంతులోంచి మూలుగు లాంటిది వచ్చింది.

"చాలలేదంటున్నాడు" అని గురువుగారు ఇంకో ముద్ద ఎత్తారు.

మౌళి కళ్లు బయటికొచ్చాయి. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఊపిరి ఆడడం లేదని రెండో చేత్తో తన నోరు చూపించాడు, గొంతు చూపించాడు. అలా చూపిస్తున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అతని చూపు గురువుగారి భుజం మీదుగా పొగగొట్టం మీదికి వెళ్లింది.

ముందు అతని భుజాలు అదిరాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత నోట్లోని పప్పన్నమంతా గురువుగారి గుండెల మీద జల్లుగా పడింది. మౌళి నవ్వుతున్నాడు. దగ్గుతూ, కళ్లనీళ్లు కారుస్తూ, స్తంభం పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పలకొండ నోరు తెరుచుకుని చూశాడు. సన్యాసమ్మ వడియాల సంగతే మరిచిపోయింది.

నవ్వుతూనే మౌళి కొలిమి దగ్గరికి వెళ్లాడు. ముందు నూనె తగ్గించాడు. వెనక గాలి సర్దాడు. పొగ పలచబడి, బూడిదరంగుకు తిరిగి, ఆఖరికి ఎండలో వేడిగాలి వణుకు తప్ప ఏమీ కనబడకుండా పోయింది. అప్పుడు గాలి రేకు పిసరంత తెరిచాడు. దాని వెనకే నూనె పిసరంత పెంచాడు. మళ్లీ గాలి. మళ్లీ నూనె. ఈసారి జపం చెయ్యలేదు, మంట వంక చూస్తూ, దాని చప్పుడు వింటూ చేశాడు. రొప్పుతున్న మంట మెల్లగా కుదుటపడి, తుమ్మెద రొదలా ఒకే తీరున పలకసాగింది. మూసలో ముక్కలు ఎర్రబడ్డాయి, కుంగాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

గురువుగారు చొక్కా దులుపుకుంటూ వెళ్లిపోయారు. కొలిమి వంక తిరిగి చూడలేదు.

కాగిన కంచు అచ్చులోకి దిగింది. మర్నాడు పొద్దున అచ్చు పగలగొట్టి గంటను దూలానికి కట్టారు. పోసినవాడే మొదటి దెబ్బ కొట్టాలి. మౌళి కర్రమొద్దు ఎత్తాడు. పగలగొట్టే సుత్తి కాళ్ల దగ్గరే ఉంది, అందరి కళ్లూ దాని మీదనే ఉన్నాయి. కొట్టాడు.

గంట పలికింది. షెడ్డు దాటి, కాలువ దాటి, అవతల చేలల్లోకి వెళ్లింది. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి ఇటు చూశారు. ఆ పలుకు అలా సాగుతూ, సాగుతూ, ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పలకొండ సుత్తి తీసుకెళ్లి మూల పడేశాడు.

మధ్యాహ్నం సన్యాసమ్మ విస్తళ్లు వేస్తుంటే మౌళి స్తంభం పక్కకు వెళ్లలేదు. ఆమె చేతిలో అన్నం గిన్నె అడిగి తీసుకున్నాడు. అప్పలకొండ విస్తట్లో ఒక గరిటె పెట్టాడు, అడక్కుండానే రెండోది పెట్టాడు. ఉక్కగా ఉంది. విసనకర్ర తీసుకుని అతనికి విసరడం మొదలుపెట్టాడు.

"ఏటన్నా, నన్ను కరిగించీస్తావేటి?" అన్నాడు అప్పలకొండ నిండు నోటితో.

అందరితో పాటు మౌళి కూడా నవ్వాడు. నవ్వుతూనే గిన్నె పట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చి గరిటె ఎత్తాడు.

బసవాచారిగారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, మెడ చాచి, విసరమన్నట్టు ముఖం ఇటు తిప్పారు.

"ముందు గాలిరా" అన్నారు.