దివాన్ గారి మోటారుకి బుచ్చన్న కావడి

గుమ్మడవెల్లి రాజావారికి కోపమొస్తే ఎవరూ భయపడేవారు కాదు. అది పూటలో చల్లారిపోయేది. ముచ్చట పుడితేనే ఊరికి దడ. ఆ ఏడు ఆయనకి రోడ్డు మీద ముచ్చట పుట్టింది.

దానికి కారణం దివాన్ పరాంకుశరావు గారు. ఆయన చెన్నపట్నం నుంచి మోటారు కారు తెప్పించుకున్నారు. నేరేడుపండు రంగు. డ్రైవరును పెడితే గీతలు పడతాయని స్వయంగా తానే నడిపేవారు. దిగగానే భుజం మీది జరీ కండువాతో కారు తుడిచేవారు. ఇంట్లో పిల్లల ముక్కు ఎప్పుడైనా తుడిచారో లేదో ఆ భగవంతుడికే తెలియాలి!

కాలవగట్టు రోడ్డు మీద ఆ మోటారు చప్పుడు వినిపిస్తే చాలు, సైకిళ్లవాళ్ల పై ప్రాణాలు పైనే పోయేవి. వెనక నుంచి భోంయ్‌మని వచ్చి, మోచెయ్యి రాసుకుంటూ దూసుకుపోయేవారు దివాన్ గారు. ఒకనాడు గాజులమ్మే సిలార్ సాయిబు సైకిలుతో సహా తుమ్మపొదలో పడ్డాడు. వెనక పెట్టెలో గాజులన్నీ నుగ్గునుగ్గు.

సాయిబు కొలువుకొచ్చి మొరపెట్టుకున్నాడు. దివాన్ గారు ఊరుకుంటారా? ఎదురు ఫిర్యాదు చేశారు.

"ప్రభూ, రోడ్డు ఇరుకు. పక్కకి జరిగితే నేను కాలవలో పడతాను. సైకిళ్లను గట్టురోడ్డు ఎక్కనివ్వకండి."

"వెనకొచ్చే బండి ముందుబండికి చోటిచ్చి దాటాలని మా తాతగారి నాటి చట్టం ఉందిగా?" అన్నారు రాజావారు.

"అది బండ్లకి ప్రభూ! సైకిలు బండెలా అవుతుంది? దానికి ఎద్దుందా, గుర్రముందా?"

రాజావారి పక్కన తమలపాకులు తుడుస్తున్న బుచ్చన్న తలెత్తాడు. రాజావారికి తాంబూలం చుట్టి ఇవ్వడం అతని కొలువు. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

"మోటారుకి మాత్రం ఎద్దెక్కడుంది ప్రభూ?"

సభంతా గొల్లుమంది. దివాన్ గారి మొహం మాడిపోయింది. రాజావారు చిటికె వేశారు. ముచ్చట పుట్టేసింది!

"రేపు పొద్దున మోటారులో నేనే కూర్చుంటాను. రోడ్డు ఇద్దరికీ చాలుతుందని ఎవరైనా రుజువు చెయ్యండి. రోడ్డు వెడల్పు చెయ్యకూడదు, మోటారు ఆపకూడదు, సైకిలు దిగకూడదు. రుజువు కాకపోతే ఊళ్లో సైకిళ్లన్నీ తెచ్చి కోటలో పడేయిస్తాను."

సాయిబు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"నడుము పడిపోయి గంప మొయ్యలేకే కదయ్యా బుచ్చన్నా, ఈ సైకిలు కొన్నది! ఇదీ పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు."

"ఏడవకు సాయిబూ. రేపు నన్ను వెనక ఎక్కించుకో. ఆకులు నమిలి బతికేవాణ్ణి, బరువుండను."

మర్నాడు గట్టు మీద జనం విరగబడ్డారు. ముందు సాయిబు ఒక్కడే సైకిలెక్కాడు. మోటారు వచ్చింది, గాలి విసురుకి సాయిబు మళ్లీ తుమ్మపొదలోకే పోయాడు. పాపం, ఈసారి ముళ్లు కూడా గుచ్చుకున్నాయి.

"చూశారుగా ప్రభూ! అంగుళం జరగడానికి లేదు," అన్నారు దివాన్ గారు మీసం దువ్వుకుంటూ.

"నాకూ ఒక్క అవకాశం ఇవ్వండి ప్రభూ!" అంటూ బుచ్చన్న ముందుకొచ్చాడు. భుజాన అడ్డంగా కావడి. అటొక కుండ, ఇటొక కుండ. కుండల చుట్టూ తెల్లటి మరకలు.

"అవేమిట్రా?" అన్నారు రాజావారు.

"దసరా వస్తోందిగా ప్రభూ, తోటబంగళాకి వెల్ల వెయ్యొద్దూ! ఎలాగూ అటే పోతున్నానని పట్టుకొచ్చాను. దివాన్ గారూ, సాయిబు తొక్కుడికి కుండలు ఊగుతాయి. ఘాటు సున్నం సుమండీ!"

బుచ్చన్న సాయిబు వెనక ఎక్కి కూర్చున్నాడు. సైకిలు కదిలింది. వెనక మోటారు కదిలింది. కావడి బద్ద రోడ్డు మీదికి చాచుకుని ఉంది. దాని కొసన కుండ ఊగుతోంది, తొణుకుతోంది. దివాన్ గారి నుదుట చెమట పట్టింది. దగ్గరికి రాగానే చక్రం గిర్రున తిప్పారు. మోటారు రోడ్డు అవతలి అంచుకి జరిగి, పెళ్లిపల్లకీలా మెల్లిగా, కుండకి ఆమడదూరంలో దాటింది. సాయిబు తూలనైనా లేదు!

"ఆపండి!" అన్నారు రాజావారు. దిగి వెనక్కి నడిచి దుమ్ములో చక్రాల జాడ చూశారు. అది దాటాక కూడా కాలవ వైపు ఇంకా మూరెడు చోటు మిగిలే ఉంది.

"నిన్నటి ఇరుకురోడ్డు ఇవాళ ఎలా వెడల్పయింది దివాన్ గారూ?"

"సున్నం ప్రభూ... కొత్త రంగు... మరక పడితే పోదని..." దివాన్ గారు నీళ్లు నమిలారు.

బుచ్చన్న సైకిలు దిగాడు.

"రంగు పోతే చెన్నపట్నంలో మళ్లీ వేస్తారు. సాయిబు పోతే మళ్లీ ఎక్కడ చేయిస్తారు దివాన్ గారూ?"

రాజావారి మొహంలో నవ్వు పోయింది.

"ఇవాళ్టి నుంచి ఇదే చట్టం. సైకిలైనా బండే. దాన్ని దాటే ప్రతివాడూ పక్కన సున్నపుకుండ వేలాడుతోందనుకుని దాటాలి. కుండ కనబడకపోయినా సరే!"

దివాన్ గారు ఆ మాటకి తలొంచారు గానీ, ఉక్రోషం ఆగలేదు. "అయితే మాత్రం! ప్రభువులు కూర్చున్న బండి మీదికి సున్నం తెస్తావురా? ఎంత పొగరు!"

"అయ్యో రామ! ఎండనపడి వచ్చారని తెచ్చానండీ," అంటూ బుచ్చన్న కుండ మూత తీశాడు. ముంత ముంచి గటగటా తాగేశాడు. "అల్లం మజ్జిగ. ఓ ముంత పుచ్చుకోండి, మరక పడదు. సున్నం కుండకి బయటే పూశాను!"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. సాయిబు ఒంటికి గుచ్చుకున్న ముళ్లు మరిచిపోయి నవ్వాడు. రాజావారు మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, తాంబూలంలోకి సున్నం ఉంచుకునే తన వెండి సున్నపుకాయ తీసి బుచ్చన్న చేతిలో పెట్టారు. దసరాకి రాణివాసం గాజులన్నీ సిలార్ సాయిబే తేవాలన్నారు.

దివాన్ గారు జరీ కండువా తీశారు. ఈసారి తుడుచుకున్నది మాత్రం మోటారును కాదు, మొహాన్ని.