చీమలు పట్టిన పుల్లలు

కుమ్మరి హంఘికి అన్యాయం జరిగింది వానాకాలం మూడో పక్షం, ఐదో రోజు మధ్యాహ్నం. చీకట్లో కాదు, చాటున కాదు. కృష్ణ ఒడ్డున బౌద్ధ విహారంలో, భిక్షువులందరి ఎదుట, ఒక్క నియమమూ తప్పకుండా జరిగింది.

విహారం నేలలో ఉన్న మట్టిగుంటే ఆమె బతుకుతెరువు. భద్రిలుడనే వర్తకుడు దానిచుట్టూ కంచె కట్టి, సరుకు దింపుకోవడానికి తనకి కావాలన్నాడు. ఇలాంటి తగువులు సంఘమే తీర్చాలి. ఒక్కో భిక్షువూ పంచేవాడి చేతిలోంచి ఒక్కో వెదురుపుల్ల తీసి పాత్రలో వేస్తాడు. తెల్లపుల్ల హంఘికి, ఎర్రపుల్ల వర్తకుడికి. తెల్లవి తొమ్మిదే తేలాయి.

పుల్లలు పంచిన పడుచు భిక్షువు ఉత్తియుణ్ణి ఆమె మెట్లమీదే ఆపింది.

"నేనేం తప్పు చేశానో చెప్పు నాయనా, దిద్దుకుంటాను."

"తప్పేం లేదమ్మా. అంతా నియమం ప్రకారమే..."

"సరే. ఇకనుంచి మీ భిక్షాపాత్రలు కూడా ఆ వర్తకుణ్ణే చెయ్యమను."

ఉత్తియుడు తిన్నగా గురువు దగ్గరికి పోయాడు. నాగబోధి జ్వరంగా ఉండి ఆ రోజు సభకి రాలేదు.

"భంతే, నియమం మొదటినుంచీ వల్లించి చూశాను. పుల్లలు రెండుసార్లు లెక్కపెట్టాను. ఎక్కడా దోషం లేదు. మరి అన్యాయం ఎటునుంచి దూరింది?"

"పాత్రలో పడ్డ పుల్లలు కడిగేశావా?"

"ఇంకా లేదు."

"పట్రా."

గోడ వారన చీమలబారు పోతోంది. గురువు ఆ పక్కనే పుల్లలన్నీ ఎడంఎడంగా పరిచి, దుప్పటి కప్పుకుని చతికిలబడ్డాడు.

"ఏమవుతుంది భంతే?"

"నాకూ తెలీదు. చూద్దాం."

కాసేపటికి బారు చెదిరింది. ఎర్రపుల్లల కింది కొసలు నల్లగా చీమలతో నిండిపోయాయి. ఉత్తియుడు చప్పట్లు కొట్టాడు.

"భద్రిలుడి పాయసం భంతే! ఇవాళ వాడింట్లోనే విందు. మన తూర్పు అరుగు భిక్షువులకి రాతినేల వేయిస్తానన్నాడట, పడమటి అరుగు వాళ్ళకి కంబళ్ళట. చీపురు ఏ మూల పెట్టాలో కూడా కుదరని ఆ రెండు అరుగుల పెద్దలూ ఇవాళ ఒకే మాట అన్నారు, మనవాళ్ళంతా ఎర్రపుల్లే తియ్యాలని. విందుకి పోని తొమ్మిదిమందే తెల్లపుల్ల తీశారు. దొరికారు దొంగలు!"

"తెల్లవి కూడా చూడు."

చూశాడు. కింది కొసలు శుభ్రంగా ఉన్నాయి. పై కొసల్లో మాత్రం చీమలున్నాయి. ఎర్రవాటి పై కొసల్లోనూ ఉన్నాయి. ఒక్క పుల్లా మిగల్లేదు.

"ఇదేం వింత? భిక్షువులు పట్టుకునేది కింది కొస కదా భంతే. పై కొస పట్టుకునేది..."

తన బొటనవేలివంక, చూపుడువేలివంక చూసుకున్నాడు.

గురువు మెల్లగా అడిగాడు. "హంఘి పొద్దున్నే వచ్చి కూర్చుంది కదా. సభ గంట మధ్యాహ్నందాకా ఎందుకు మోగలేదు?"

"పెద్దలు భోజనమయ్యాక అన్నారు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళి తిన్నాను. గంట ఏ వేళ కొట్టాలో నియమంలో లేదు భంతే."

"లేదు. అది నీ చేతికి వదిలారు."

పంచినవాడు తన తప్పు ఒప్పుకుంటే తగువు మళ్ళీ తెరవొచ్చని ఆ విహారం నియమాల్లోనే ఉంది. ఉత్తియుడు ఆ మాట వందసార్లు వల్లించాడు. ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాడు.

సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడు. అరుగుల పెద్దలిద్దరూ మండిపడ్డారు.

"ఖాళీ కడుపులతో కూర్చోమంటావా?"

"అవును భంతే."

కడిగి ఆరబెట్టిన పుల్లలు పట్టుకుని, తెల్లవారుతూనే గంట కొట్టాడు. మెట్లమీద హంఘి కాళ్ళ మట్టి దులుపుకుంటోంది. అతను గోడమీద సుద్దతో రాశాడు:

హంఘి తగువు, రెండోసారి. వానాకాలం మూడో పక్షం, ఆరో రోజు. భోజనానికి ముందు.