పచ్చబొట్టు చుట్టరికం

ఒకానొక రాజ్యం ఉండేది. పేరు చెబితే ఇప్పుడు ఆ ఊళ్లలో ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు గనక చెప్పను. రాజు పేరు మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ తంటా అంతా ఆ పేరు వల్లనే వచ్చింది. ఆయన ప్రతాపకేసరి.

ఆ రాజ్యంలో పచ్చబొట్టు అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మనిషి పోయిన రోజున ఒంటిమీది నగలన్నీ ఒలిచేస్తారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని వాళ్ల నమ్మకం. అందుకే పెద్దలు కట్టుబాట్లు పెట్టారు. మీసం మొలవని కుర్రవాడికీ, ఓణీ వేయని పిల్లకీ సూది తగలకూడదు. ఇక ఎవరి పేరు చేతిమీద పొడిస్తే వారితో రక్తసంబంధం లాంటి చుట్టరికం కలిసిపోతుంది. పెళ్లికి బట్టలు పెట్టాలి, చావొస్తే మైల పట్టాలి. కల్లు తాగిన ఉత్సాహంలో ఒకరి పేరు ఒకరు పొడిపించుకుని, మర్నాడు పెళ్లాల చేత చీవాట్లు తిన్న స్నేహితులు కూడా ఉన్నారు.

ప్రతాపకేసరికి తన పేరంటే ప్రాణం. కోటగోడల మీద, గుడిగంటల మీద, చివరికి పట్టపుటేనుగు దంతాల మీద కూడా చెక్కించాడు. ఒకసారి వేటకు పోతూ ఏటి ఒడ్డున తాతగారి శిలాశాసనం చూశాడు. చాకలివాళ్లు దానిమీద బట్టలు బాదుతున్నారు. తాతగారి బిరుదులన్నీ అరిగిపోయి బండ నున్నగా మెరుస్తోంది. ఆ పూట రాజుకు అన్నం సయించలేదు.

"రాయిని నమ్మరాదు," అన్నాడు సభలో. "ఒంటిమీది రాత చచ్చినా చెరగదు. నా ప్రజలంతా నా పేరు పొడిపించుకోవాలి."

పెద్దవాళ్లకు సాకులకేం కొదవ? ఒకడికి చెయ్యి బెణికింది, ఇంకొకడి చేతిమీద చోటే లేదు, మరొకడు తీర్థయాత్రకు పోయాడు. రాజుకు విసుగెత్తింది. వంకలు పెట్టేది పెద్దవాళ్లే గదా, పసివాళ్లయితే కాసేపు ఏడ్చి ఊరుకుంటారు అనుకున్నాడు. మీసం, ఓణీ కట్టుబాటును కొట్టేసి, నడక వచ్చిన ప్రతి బిడ్డకూ రాజుగారి పేరు పొడవాలని కొత్త చట్టం చేశాడు.

తల్లులు పిల్లలను అటకల మీద దాచారు. వీధుల్లో గొణుగుడు మొదలైంది. అప్పుడు ఆస్థాన పురోహితుడు విశ్వపతిశాస్త్రి ముందుకొచ్చాడు. రాజు తుమ్మకముందే చిరంజీవ అనడానికి నోరు తెరిచి ఉంచుకునే మనిషి ఆయన.

"ఇది బానిసముద్ర కాదు," అని తీర్పు చెప్పాడు శాస్త్రి. "పేరు పొడిస్తే చుట్టరికం, ఇది మన దేశాచారం. కాబట్టి ఆ బిడ్డలందరికీ ఇక ప్రభువే తండ్రి."

రాజు పొంగిపోయి ఆ మాటలనే దండోరా వేయించాడు.

పచ్చబొట్లు పొడవడంలో ఆ పట్టణంలో నాంచారమ్మను మించినవారు లేరు. గుంటగలగరాకు పసరులో దీపపు మసి రంగరించి, నొప్పి తెలియకుండా పాట పాడుతూ పొడిచేది. భటులు ఆమెను మేదరివాడకు తీసుకుపోయారు. అక్కడ బుట్టలల్లే చలమయ్య కూతురు ఎల్లిని పట్టి కూర్చోబెట్టారు. ఎల్లికి ఇంకా మాటలు సరిగా రావు. ఆ చిన్ని ముంజేతి మీద రాజుగారి పేరు నాలుగక్షరాలే పట్టింది. మిగతా రెండూ మోచెయ్యి దాటి పొడవాల్సి వచ్చింది. సాయంత్రానికి చెయ్యి వాచింది, ఆ వెనకే జ్వరం పట్టుకుంది. సంగతి తెలిసి నాంచారమ్మ తన సూదులన్నీ తీసుకుపోయి పాడుబావిలో పారేసింది.

ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"రాజాజ్ఞ ఉండగా సూదులు ఎందుకు పారేశావు?" అని అడిగాడు రాజు.

"అడగని ఒంటిమీద ఇంక పొడవలేను దొరా," అంది నాంచారమ్మ. "ఆ పాప నన్ను అవ్వా అనబోయి, అనలేక ఏడిసింది. నా ఏలు నరికినా ఇంకో పసిదాన్ని ముట్టుకోను."

"అలాగే కానీ. ఏటేటా జరిగే మన పట్టాభిషేకోత్సవం ముగియగానే ఈమె కుడిచేతి బొటనవేలు తీసేయండి."

సూది పట్టి బతికేదానికి బొటనవేలు పోతే బతుకు పోయినట్టే. సభలో అందరూ బసవరసు వంక చూశారు. బసవరసు ఆ ఆస్థానంలో మాటకారి. రాజు కోపాన్ని నవ్వులోకి దించి ఎంతోమంది మెడలు కాపాడినవాడు. అతను లేచాడో లేదో, రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బసవరసూ, ఈ విషయంలో నీ చమత్కారం వద్దు. నవ్వానంటే నేను ఓడిపోయినట్టే, అది నాకు తెలుసు."

"చమత్కారం కాదు ప్రభూ, సందేహం. దండోరాలో చెప్పిన ఆ చుట్టరికం నిజమైనదేనా, లేక ఏదో మాటవరసకు అన్నారా?"

"నేను మాటవరసకు మాట్లాడతానా?"

"అయితే తండ్రి చేయవలసినవన్నీ తమరు చేస్తారు."

"నా పేరున్న ప్రతి బిడ్డకూ చేస్తాను," అని రాజు మీసం దువ్వాడు. శాస్త్రి తల ఊపాడు.

బసవరసు ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు. నాంచారమ్మను చెరసాలకు తీసుకుపోయారు. ఇంతటి బసవరసూ భయపడ్డాడని ఊరు చెప్పుకుంది. నిజానికి అతని ఆలోచన వేరు. ఉత్సవంనాడు పచ్చబొట్టు పడిన పిల్లలందరినీ కోట గుమ్మం ముందు నిలబెట్టి, నాన్నగారూ కొత్తబట్టలేవీ అని అడిగించాలనుకున్నాడు. బొక్కసం సగం ఖాళీ అవుతుంటే రాజు తానే నవ్వి చట్టం తీసేస్తాడని అతని లెక్క. ఎల్లికి జ్వరం తగ్గుతుందనే అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

ఉత్సవం రోజు తెల్లవారింది. సన్నాయిలు మోగుతున్నాయి. పొరుగు రాజులు వచ్చి పీఠాల మీద కూర్చున్నారు. ప్రతాపకేసరి మంగళస్నానం చేసి, పట్టుబట్టలు కట్టి, సింహాసనం మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పుడు బసవరసు వచ్చాడు. తలపాగా లేదు, నుదుట బొట్టు లేదు, కట్టుకున్న పంచె తడిసి నీళ్లు కారుతోంది. గడప ఇవతలికి రాకుండా బయటే నిలబడ్డాడు. సన్నాయిలు వాటంతట అవే ఆగిపోయాయి.

"ప్రభూ, మెట్టు దిగండి," అన్నాడు. "తమకు మైల."

"ఎవరు పోయారు?"

"తమ కూతురు."

రాజు ముఖంలో నెత్తురు లేదు. కిరీటం జారినా పట్టించుకోకుండా అంతఃపురం వైపు పరుగెత్తాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు, ఊయల దిగి నడక నేర్చిన పిల్ల.

"యువరాణిగారు కాదు ప్రభూ," అన్నాడు బసవరసు. "ఆమె చేతిమీద తమ పేరు లేదు. పోయింది మేదరి చలమయ్య ఇంట్లో ఎల్లి."

రాజు ఆగాడు. వెనక్కి తిరిగేసరికి ఆ భయమంతా కోపమైంది.

"నా గుండె ఆగిపోయినంత పని చేశావు. దీనికి నీ తల తీయించగలను, తెలుసా?"

"తీయించండి. నేను చెప్పినదాంట్లో ఒక్క మాట అబద్ధమైతే తప్పకుండా తీయించండి. శాస్త్రిగారు ఇక్కడే ఉన్నారు, ఆయన్నే అడగండి."

విశ్వపతిశాస్త్రికి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. మైల లేదంటే చుట్టరికం అబద్ధం. చుట్టరికం అబద్ధమైతే పిల్లల చేతులమీద ఉన్నది బానిసముద్ర. పొరుగు రాజులందరూ ఆయన నోటివంకే చూస్తున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, చివరికి నేలను చూస్తూ, "వర్తిస్తుంది," అన్నాడు.

"ఎన్నాళ్లు?" అని అడిగాడు రాజు.

"పదిరోజులు," అన్నాడు శాస్త్రి. "సింహాసనం ఎక్కరాదు. శుభకార్యం చేయరాదు."

"ఆలోగా ఇంకో బిడ్డ పోతే, ఆ బిడ్డకూ పట్టాలి గదా," అన్నాడు బసవరసు. "ఇంత పెద్ద రాజ్యం ప్రభూ. ఏదో ఒక మూల ఏదో ఒక తల్లి ఏడవని వారం ఉంటుందా? తమరు ఇక ఆ సింహాసనాన్ని చూడడమే గాని ఎక్కడం ఉండదు."

ఒక పొరుగు రాజు మీసం చాటున నవ్వు దాచుకున్నాడు. మామూలు రోజైతే బసవరసు కూడా నవ్వి ఉండేవాడు. అతను నవ్వలేదు. పక్కకు తప్పుకున్నాడు. అతని వెనక చలమయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దొరా, పాపను ఇంకా ఎత్తలేదు," అన్నాడు చలమయ్య. "పేరు గలాయన ముందుగా మన్ను ఏస్తేగాని మేం ఏయకూడదు. మా ఆచారం అది. తమరు రారని మావోళ్లంతా అన్నారు. ఓ మాట అడిగి పోదామని వచ్చాను."

అడిగినవాడిలో కోపం లేదు. అదే రాజు తట్టుకోలేకపోయాడు. కాసేపటి కింద తన ఊపిరి ఆగిన సంగతి ఇంకా ఒంట్లో ఉంది. తనకు అది తప్పిపోయింది, ఈ మనిషికి తప్పలేదు. ఆయన మెడలో హారాలు తీసి మెట్టు మీద పెట్టి, చెప్పులు విడిచి, చలమయ్య వెంట నడిచాడు.

మేదరివాడలో వెదురుచాప మీద పడుకోబెట్టారు ఎల్లిని. కొత్త గుడ్డ కప్పారు గాని, పేరున్న చెయ్యి బయటికి ఉంచారు, చుట్టం గుర్తుపట్టాలి గనక. ప్రతాపకేసరి కోటగోడల మీద ఎన్నోసార్లు చదువుకున్న తన పేరును ఆ వాచిన చేతిమీద చదివాడు. చివరి రెండక్షరాల కోసం చెయ్యి కాస్త తిప్పాల్సి వచ్చింది. తర్వాత గుంటలో ముందుగా మన్ను వేశాడు. ఎల్లి తల్లి ఆయన వంక చూడలేదు. ఆమె చూడకపోవడమే న్యాయం.

పదిరోజులూ రాజు నేలమీదనే పడుకున్నాడు. ఉత్సవం జరగలేదు. ఆ తర్వాత నాంచారమ్మను విడిపించి కొత్త దండోరా వేయించాడు. మీసం మొలవని కుర్రవాడికీ, ఓణీ వేయని పిల్లకీ పచ్చబొట్టు పొడవరాదు. వయసు నిండినవారికైనా, వారు తమ నోటితో అడిగితేనే పొడవాలి. పొడిచేవారు ముందు ఆ వయసు సంగతి అడిగి తెలుసుకోవాలి, వచ్చింది ఎంతటివాడైనా సరే.

ఆ రోజు సభలో రాజు తన కంకణం తీసి బసవరసుకు ఇవ్వబోయాడు.

"ఇది పుచ్చుకోలేను ప్రభూ," అన్నాడు బసవరసు. "ఎల్లి ఉండగా ఈ ఉపాయం తోచి ఉంటే చెయ్యి చాచేవాణ్ణి. నేను కొత్తబట్టల వేళాకోళం అల్లుకుంటూ కూర్చున్నాను."

రాజు కంకణాన్ని పక్కన పెట్టాడు. "అయితే ఇదైనా పుచ్చుకో," అన్నాడు. "ఇకమీదట ఏ చట్టమైనా దండోరాకు పోకముందు నీ చెవిన పడుతుంది. నువ్వు వద్దంటే పోదు."

దానికి బసవరసు వంగి దండం పెట్టాడు.

రాజు అంతటితో ఊరుకోలేదు. నాంచారమ్మను పిలిపించి, సభ చూస్తుండగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఏం పొడవమంటావు దొరా?" అంది ఆమె.

"ఎల్లి అని. చలమయ్యను అడిగే వచ్చాను."

నాంచారమ్మ పసరు రంగరించింది. కొత్త సూదుల కట్ట ముంచి తీసి, మళ్లీ పక్కన పెట్టింది.

"అడక్క పొడిస్తే తప్పు నాదవుద్ది దొరా," అంది. "వయసు నిండిందా?"

రాజుకు యాభై దాటాయి, మీసం సగం నెరిసింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి, అయినా అన్నాళ్ల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నిండింది నాంచారమ్మా," అని చెయ్యి చాచాడు. "ఈమధ్యనే నిండింది."