చేతికందేంత దూరంలో

వైద్యులు పానకాలయ్యగారు శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. రోగి వచ్చేదాకా ఆగమంటారు. ఆగలేక సగంమంది శిష్యులు పారిపోయారు. మిగిలినవాళ్ళలో చిదంబరం ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు: "చూసే కన్ను బాగుండి, పట్టే చేతికి బలముండి, ఎదుట ఉన్నది పట్టుకోలేదంటే, పట్టుకునే మనసు లేకనే కదండీ?"

అతడు అడిగింది పడవ గంగులు గురించి. వరద గోదావరిలో గంగులు బావమరిది పడవలోంచి జారిపడి చెయ్యి పైకెత్తాడు. గంగులు వంగి చెయ్యి చాచాడు, పట్టుకోలేదు. మళ్ళీ చాచేలోగా మనిషిని సుడి లాక్కుపోయింది. పడవలో వాటా గురించి ఆ ఇద్దరికీ అంతకుముందే మాటామాటా వచ్చిందని రేవంతటికీ తెలుసు. ఇక ఊరి నోరు మూయించడం ఎవరి తరం? చిదంబరం కూడా ఊరితోపాటే నమ్మాడు.

ఆ సాయంత్రమే గంగులు భార్య నూకాలు మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది, మందు కోసం కాదు.

"మా తమ్ముడు సేతికి అందలేదంటన్నాడండి ఈయన. నిజమో అబద్ధమో మీరే తేల్చండయ్యా. అబద్ధమైతే ఈ మనిషితో నాకింక కాపరం లేదు."

గురువుగారు గంగులు ముందు మజ్జిగ గ్లాసు పెట్టించారు. "అదేమిటి?"

"మజ్జిగండి."

"తీసుకో."

గంగులు చూస్తూనే చెయ్యి చాచాడు. వేళ్ళు గ్లాసు పక్కన గాలిని పట్టుకున్నాయి. మళ్ళీ చాచాడు, ఈసారి చెయ్యి అవతలికి పోయింది. విషజ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ ఇంతేనని, తెడ్డు చేతిలో ఉంటే ఇబ్బంది లేదని, నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదని తల దించుకుని చెప్పాడు.

"గ్లాసును బాగా చూసి కళ్ళు మూసుకో. కాసేపాగి, అలాగే తీసుకో."

ఈసారి చెయ్యి తిన్నగా వెళ్ళి గ్లాసు పట్టుకుంది.

"సూశారా! పట్టుకోడం వచ్చు ఈయనకి!" నూకాలు గుండెలు బాదుకుంది. దొంగ దొరికాడనుకుని చిదంబరం లోలోపల సంతోషించాడు కూడా.

"కన్ను చూసినదాన్ని అప్పటికప్పుడు చేతికి చెప్పే దారి ఒకటి తలలో ఉందమ్మా," అన్నారు గురువుగారు. "జ్వరం దాన్ని పాడుచేసింది. గుర్తుపెట్టుకున్నది చెప్పే దారి వేరు. అది బాగానే ఉంది గాని, నెమ్మది. నీ మొగుడు అబద్ధమాడలేదు."

నూకాలు ఏడుపు ఆగింది. గంగులు మొహంలో ఊరట కోసం చిదంబరం చూశాడు. కనబడలేదు.

"అయితే అయ్యగారూ," అన్నాడు గంగులు, "ఆయేళ నేను కళ్ళు మూసుకునుంటే ఆడు దొరికేవోడాండి?"

నూకాలు అతని చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టి, భుజం పట్టి లేవదీసింది. వాళ్ళు అరుగు దిగుతుంటే చిదంబరం మెల్లగా అడిగాడు: "ఏం మందు నూరమంటారు?"

"నిద్రకేదైనా నూరు. ఇకమీదట కళ్ళు మూసినప్పుడల్లా చెయ్యి చాస్తాడు."