ఇసుకలో వేసిన లెక్క

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ లెక్క అడగ్గానే ఠక్కున జవాబు చెప్పేవారు. మూడోవాడు సుధన్వుడు మాత్రం బడిలో ఇసుక పరుచుకుని, వేలితో ఒక్కో మెట్టూ రాసేవాడు. రాసింది సరిచూసి, "ఇంతవరకు సరే" అని పైకి అంటేగాని చెరపకూడదని సూరన్న పంతులుగారి కట్టడి. "మన తమ్ముడి లెక్క తేలేసరికి తెల్లారుతుంది" అని అన్నలు ఆటపట్టించేవారు.

ఏడు సముద్రాల అవతలుండే ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాజకుమారి కనకలేఖను ఎత్తుకుపోయాడు. తన మూడు లెక్కలు విప్పినవాడికే ఆమెను ఇస్తానన్నాడు. తప్పు చెబితే రాయి అయిపోవాల్సిందే! అన్నలు వెళ్ళారు, తిరిగి రాలేదు. సుధన్వుడు బయలుదేరాడు. ఒకటో సముద్రం దాటాడు, రెండోది దాటాడు, అలా ఏడూ దాటాడు. అవతలి ఒడ్డున అలల్లో కొట్టుకుపోతున్న చీమనొకదాన్ని ఆకు మీదికి ఎక్కించి కాపాడాడు.

"నేనీ దీవిదాన్నే బాబూ. నీ మేలు మరిచిపోను" అంది చీమ.

కోట ముందు అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. సుధన్వుడి గుండె చెరువైంది.

"పది మూరల బావి అడుగున నత్త ఉంది. పగలు మూడు మూరలు ఎక్కి, రాత్రి రెండు జారుతుంది. ఎన్నో రోజుకు పైకొస్తుంది?" అన్నాడు కోటలోంచి వచ్చిన మాంత్రికుడు.

రోజుకో మూర, పది రోజులు అనబోయాడు సుధన్వుడు. అంతలో పంతులుగారి గొంతు గుర్తొచ్చింది. "తొందరెందుకు నాయనా, ఇసుక ఎక్కడికీ పోదు." పొద్దున్నే అందరూ కలిసి ఎక్కాలు అప్పజెప్పిన ఆ బడి ఎంత హాయిగా ఉండేది! అతను నేలమీద కూర్చుని ఇసుక సర్దాడు.

"రాజకుమారుడివా, బడి పిల్లాడివా?" అని నవ్వాడు మాంత్రికుడు.

"ఏడు రోజులకు ఏడు మూరలు. ఇంతవరకు సరే. ఎనిమిదో పగలు మూడు ఎక్కితే పది. పైకొచ్చాక ఇంక జారేదేముంది? ఎనిమిదో రోజు!"

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "తండ్రి వయసు కొడుకు వయసుకు మూడింతలు. ఇద్దరిదీ కలిపి నలభై ఎనిమిది. ఎవరి వయసెంత?"

"కొడుకుదొక పాలు, తండ్రివి మూడు. మొత్తం నాలుగు పాళ్ళు. ఇంతవరకు సరే. ఒక్కో పాలు పన్నెండు. కొడుక్కి పన్నెండు, తండ్రికి ముప్పై ఆరు."

"అయితే ఈ ముప్పై పంజరాల్లో నా ప్రాణమున్న చిలుక ఎన్నోదో చెప్పు!" అని కోటగోడకు వేలాడుతున్న పంజరాలు చూపిస్తూ అరిచాడు మాంత్రికుడు.

అంతలో ఆ చీమ సుధన్వుడి భుజమెక్కి చెవిలో చెప్పింది. "వాడు రోజూ గొణుక్కుంటాడు బాబూ. ఆ పంజరం అంకెను రెండేసి లెక్కపెడితే ఒకటి మిగులుతుందట, మూడేసి పెట్టినా ఒకటే, అయిదేసి పెడితే ఏమీ మిగలదట."

అయిదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు, ముప్పై అని రాశాడు సుధన్వుడు. సరిసంఖ్యలు చెరిపాడు. మూడేసి లెక్కపెడితే అయిదులో రెండు మిగిలాయి, పదిహేనులో ఏమీ మిగల్లేదు. "ఇంతవరకు సరే" అంటూ ఇరవై అయిదో పంజరంలో చెయ్యి పెట్టాడు.

చిలుక గుప్పిట్లోకి రాగానే మాంత్రికుడు కాళ్ళబేరానికొచ్చి, కోట కిటికీలోంచి అంతా వింటున్న కనకలేఖను విడిచిపెట్టాడు. అన్నలు ప్రాణాలతో లేచారు. చిలుకను పంజరంతో సహా వెంట తెచ్చుకున్నారు, వాడు మళ్ళీ తోక ఝాడించకుండా.

పెళ్ళిలో సుధన్వుడు ఒక్కో ముడీ వేస్తుంటే కనకలేఖ "ఇంతవరకు సరే" అని గుసగుసలాడింది.

పెళ్ళయ్యాక పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి ఆయనకు చూపు పోయింది. సుధన్వుడు ఇసుకలో నత్త లెక్క వేసి, ఆయన వేలు పట్టుకుని గీతల మీద నడిపించాడు.

"ఒక్క మెట్టూ దాటెయ్యలేదురా! ఇంతవరకు సరే. ఇక చెరిపెయ్" అన్నారు పంతులుగారు.

సుధన్వుడు చాలా కాలం చల్లగా రాజ్యమేలాడు. ఆ ఇసుక మాత్రం చెరపలేదు.