గుమ్మంలో ఖాళీ పాత్ర

కొండ అవతలి విహారానికి జయసేనుణ్ణి ఆచార్యుడిగా రమ్మన్నారు. వానలు మొదలయ్యేలోపు చేరాలి, లేకపోతే ఆ పీఠం ఇంకొకరికి పోతుంది. జయసేనుడు హుషారుగా బయలుదేరాడు. సగం కొండ ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి, ఊపిరి అందలేదు. ఒక బండమీద కూలబడి, కాసేపటికి వచ్చిన దారినే దిగిపోయాడు.

అప్పటినుంచి అతనికి కుదురు లేదు. కూర్చుంటే నడుము నొప్పి, లేస్తే ఆయాసం. ధ్యానమందిరానికీ తన గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

కుర్రతనంలో ఎంతటి సూత్రమైనా ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడు. అంతటి తెలివైనవాడు ఊళ్ళు తిరగడమేమిటని, పొద్దున్నే భిక్షకు వెళ్ళే పని తోటివాళ్ళు అతనికి తప్పించారు. వాళ్ళు మెట్లు దిగి ఊళ్ళోంచి తెచ్చినదాంట్లో అతని వాటా గదికే వచ్చేది. ఇప్పుడతనికి నలభై దాటాయి.

చివరికి గురువు సుగుప్తుల దగ్గరికి వెళ్ళాడు. ఆయనకు డెబ్బై దాటినా రోజూ భిక్షకు వెళ్ళి వస్తారు. ఆ పొద్దున కూడా బయలుదేరబోతూ కర్ర అందుకుంటున్నారు.

"భంతే, నా బుద్ధికి అందని శాస్త్రం లేదు. ఈ ఒళ్ళే నా పరువు తీస్తోంది," అన్నాడు జయసేనుడు గడపలో చతికిలబడుతూ. "మనసుతో ఒంటిని లొంగదీసే ధ్యానం ఏదైనా ఉంటే చెప్పండి. వానలు దగ్గరపడుతున్నాయి."

గురువు లోపలికి వెళ్ళి, ఒక ఖాళీ భిక్షాపాత్ర తెచ్చి అతని ముందు పెట్టారు.

జయసేనుడి ముఖం వెలిగింది. ఆ పాత్రను అతను ఎరుగును. చదువుకునే రోజుల్లో గురువు పొద్దున్నే దాన్ని అతని గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. దాని భావం అతను ఇట్టే పట్టేశాడు. ఖాళీ పాత్ర అంటే శూన్యం. దానిమీద పెద్ద వ్యాఖ్యానమే రాశాడు. అతనికి పేరు తెచ్చింది అదే, అవతలి విహారం నుంచి పిలుపు తెచ్చిందీ అదే.

"అర్థమైంది, భంతే. మోకాలూ శూన్యమే, నొప్పీ శూన్యమే..."

"వ్యాఖ్యానం రాయమని పెట్టలేదు నాయనా," అన్నారు గురువు. "నాతో భిక్షకు రమ్మని పెట్టాను."

జయసేనుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా, భంతే?"

"తెలివైనవాడివి కదా, చెప్పక్కర్లేదనుకున్నాను."

గురువు మెట్లు దిగడం మొదలుపెట్టారు. జయసేనుడు పాత్ర చంకన పెట్టుకుని, నేలమీద చెయ్యి ఊని, మూలుగుతూ లేచాడు. మొదటి మెట్టుమీదే మోకాలు కలుక్కుమంది.

"వానలకు ఇంకా నెల ఉంది," అన్నారు గురువు, నడక ఆపకుండానే.