ఎత్తుకోని పాదం

"తత్వం నిజమైనదైతే దానికి వినేవాడితో పనేముంది ఉస్తాద్?" అని మద్దిలేటి ఆ రోజు కాస్త గట్టిగానే అడిగాడు. గురువును అలా అడగకూడదని అతనికి తెలుసు. కానీ విసిగిపోయి ఉన్నాడు.

కర్నూలు పాతబస్తీలో ఖుద్దూస్ సాహెబ్ అంటే ఉర్దూ చదువుకున్నవాళ్ళు ఇంకా లేచి నిలబడతారు. చదువుకున్నవాళ్ళే తగ్గిపోయారు. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళు చెప్పి, ఆ తర్వాతి జీవితమంతా ఆయన ఒక్క కవికి రాసిచ్చేశారు. ఆ కవి బేనిషాన్. నూరేళ్ళ కిందట ఆ ఊళ్ళోనే బతికి, దేవుడి గురించీ కాలం గురించీ ఉర్దూలో పద్యాలు చెప్పి, ఒక్క పుస్తకమైనా అచ్చు వేయించకుండా పోయాడు. ఆ పద్యాలు నోటి నుంచి నోటికి వచ్చినవే. సాహెబ్ ముసలివాళ్ళ చుట్టూ తిరిగి వాటిని ఏరుకొచ్చి, ఒక్కొక్కదానికీ వ్యాఖ్య రాశారు. మద్దిలేటి తత్వశాస్త్రం చెప్పే లెక్చరరు. నలభై దాటాక ఆ కవి కోసమే ఈయన దగ్గర చేరి, పలక పట్టిన పిల్లాడిలా ఉర్దూ అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు వ్యాఖ్యకు శుద్ధప్రతి తీస్తున్నాడు.

పని అంతా అయింది, ఒక్క పద్యం తప్ప. అది కవి చివరి పద్యం. మిగతా వ్యాఖ్యంతా దాని మీదే ఆనుకుని ఉంది. దానికి రెండు పాదాలు. మొదటిది అందరికీ తెలుసు. "నేను నది దాటుతున్నంతసేపూ అవతలి ఒడ్డు కూడా నడుస్తూనే ఉంది" అని దాని భావం. రెండోది తెలిసిన మనిషి భూమ్మీద ఖుద్దూస్ సాహెబ్ ఒక్కరే. వాళ్ళ గురువు నోటి నుంచి విన్నారు. ఎక్కడా రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదని మద్దిలేటి ఒకసారి అడిగితే, సొంత పేరు ఎవరైనా రాసిపెట్టుకుంటారా అని నవ్వారు.

ఆ నవ్వు నవ్వి చాలా కాలమైంది. ఈ మధ్య ఎప్పుడు అడిగినా, వినేవాళ్ళు కూడినప్పుడు చెబుతాలే అంటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, మాట మారుస్తారు. ఉస్తాద్ తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు మద్దిలేటి. తర్వాత, పిసినారితనం అనుకున్నాడు. అచ్చాఫీసు వాళ్ళు తొందరపెడుతున్నారు. అందుకే ఆ పొద్దున మాట జారింది. ఇదేమైనా ప్రేమ పాటా, జనం ఉంటేనే చెప్పడానికి? ఖాళీ గదిలో చెప్పినా సత్యం సత్యమేగా?

సాహెబ్ కోప్పడలేదు. సాయంత్రం బేనిషాన్ పేరు మీద సభ ఉందట, పోదాం పద, అక్కడ చదువుతానన్నారు. ఎన్నేళ్ళు బతిమాలినా ఆ సభకు కాలు పెట్టని మనిషి.

దారిలో ఆటోలో ఆయన తన చిన్నప్పటి సంగతి చెప్పారు. ముషాయిరాలో, అంటే ఉర్దూ కవుల సభలో, కవి మొదటి పాదం చదివి ఆగుతాడు. విన్నవాళ్ళు ఆ పాదాన్ని ఎత్తుకుని తిరిగి పలుకుతారు. ఆ తర్వాతే రెండోది. వాళ్ళ గురువు ఈ పద్యాన్ని పాఠంలా అప్పజెప్పలేదట. మొదటి పాదం పలికి, ఊరికే ఈయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడట. ఈయన ఎత్తుకున్నాక గాని నోరు విప్పలేదట.

"రెండో పాదం చదివేవాడి నోట్లో ఉండదు నాయనా," అన్నారు సాహెబ్. "ఎత్తుకున్న గొంతుల మీద ఎక్కి వస్తాది."

మద్దిలేటికి ఈ మాట అందంగా అనిపించింది. ఎక్కడ వాడుకోవచ్చా అని ఆలోచించాడు.

సభ ఒక పెళ్ళిళ్ళ హాల్లో పెట్టారు. మొన్నటి పెళ్ళి తాలూకు బంతిపూల దండలు స్తంభాలకు ఇంకా వేలాడుతున్నాయి. సభ నడిపేది వకీలు రియాసత్ అలీ. నోటి దురుసు ఉన్నా మనసు మంచిదని ఊళ్ళో పేరు. గుమ్మంలోనే మద్దిలేటిని పట్టుకుని సలాం చేశాడు. మద్దిలేటి ఉర్దూలోనే బదులు చెప్పాడు. గొంతు లోపలి నుంచి పలకాల్సిన అక్షరం ఎప్పటిలాగే నాలుక మీదే తేలిపోయింది.

"మద్దిలేటి సార్ ఉర్దూలో మన బొరుగుల ఉగ్గాని వాసన వస్తాదబ్బా," అన్నాడు వకీలు. "ఆకలైతాది వింటా ఉంటే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వి, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

ముందుగా ఒక హాస్యకవి భార్య మీదా కరెంటు కోతల మీదా చదివాడు. హాలంతా ప్రతి పాదాన్నీ ఎత్తుకుంది. ఆ తర్వాత ఖుద్దూస్ సాహెబ్‌ను పిలిచారు. ఆయన మైకు పట్టుకోలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. నిలబడి, కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, మొదటి పాదం చదివి ఆగారు.

జనం చప్పట్లు కొట్టారు. ముషాయిరాలో చప్పట్లు కొట్టరు. అది తెలిసినవాళ్ళు ఆ హాల్లో ఎంతమంది ఉన్నారో గాని, వాళ్ళూ కొట్టారు. సాహెబ్ చప్పట్లు ఆగేదాకా ఉండి, మళ్ళీ అదే పాదం చదివారు. వెనక ఎవరో ఫోను ఎత్తి వీడియో తీసుకుంటున్నారు. బిర్యానీ డేగిసాలు దించుతున్న చప్పుడు పక్కగదిలోంచి వినిపిస్తోంది. ఆయన ఇంకోసారి చదివారు. ఈసారి హాలు వైపు చూడలేదు. ముందు వరసలోకి, మద్దిలేటి ముఖంలోకి చూశారు.

మద్దిలేటికి ఆ పాదం నిద్రలో లేపినా వచ్చు. కాని ఆ పాదంలోనే ఉంది, తనకు పలకని ఆ అక్షరం. రెండు కుర్చీల అవతల వకీలు కూర్చుని ఉన్నాడు. ఇంతమంది పెద్దల ముందు శిష్యుడు గొంతెత్తడం మర్యాద కాదు అనుకున్నాడు మద్దిలేటి. తల వంచుకుని, చాలా భక్తిగా, ఊరకున్నాడు. మర్యాదా కాదు, భక్తీ కాదు. ఉగ్గాని.

సాహెబ్ చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉంది. పెద్దాయన అలిసిపోయారనుకుని వకీలు గబగబా వచ్చి, శాలువా కప్పి, జాగ్రత్తగా నడిపించుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. మళ్ళీ చప్పట్లు. తర్వాత గజళ్ళు పాడేవాళ్ళు హార్మోనియం తెచ్చారు.

భోజనాలకు ఉండకుండా ఇద్దరూ బయటపడ్డారు. పొద్దు వాలుతోంది. కోట బురుజు దాటాక సందులో జనం పల్చబడ్డారు. సాహెబ్ మూసిన దుకాణం మెట్టు మీద ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నారు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది, ప్లాస్టిక్ కవరు అంటుకునే ఉంది. మద్దిలేటి ఆ కవరు తీసి మడిచాడు. ఏదో ఒకటి చెయ్యాలి గనక తీశాడు. క్షమించమనడానికి బదులు, ఆయన ఎదురుగా నిలబడి, పెద్దగొంతుతో, తప్పు అక్షరంతోనే, ఆ పాదాన్ని ఎత్తుకున్నాడు.

సాహెబ్ తలెత్తారు. ముఖం వెలిగింది. కుడిచెయ్యి పైకి లేచింది. పెదవులు విచ్చుకున్నాయి. సందులోంచి ఒక తోపుడుబండి చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. సాహెబ్ పెదవులు ఇంకా కదులుతున్నాయి గాని వాటి మధ్య ఏమీ లేదు. ఆయన కళ్ళు దుకాణం గోడ మీద దేన్నో వెతుకుతున్నాయి, చీకటింట్లో స్విచ్చి వెతికినట్టు. మద్దిలేటి ఇంకోసారి ఎత్తుకున్నాడు. సాహెబ్ చెయ్యి మెల్లగా దిగివచ్చి మోకాలి మీద ఆగింది.

అప్పుడు అర్థమైంది మద్దిలేటికి, ఆ కళ్ళజోడు ఎందుకంతగా తుడుచుకునేవారో. పరీక్షా కాదు, పిసినారితనమూ కాదు. అచ్చుకు వెళ్ళే ప్రతిలో ఆ చోటు ఇక ఖాళీగానే ఉంటుంది.

"ఎప్పటి నుంచి ఉస్తాద్?" అని అడిగాడు.

సాహెబ్ శాలువా భుజం మీదికి సర్దుకుని, లేవడానికి శిష్యుడి చెయ్యి ఆసరా పట్టుకున్నారు.

"ఆడ సభకు వచ్చిండె నాయనా ఆ పాదం," అన్నారు. "గడప దాకా వచ్చిండె. పిలిచేవాళ్ళు లేక మళ్ళిపాయె."